గంపలో మేకు

బీరంగూడలో మా గల్లీ ఆడవాళ్లందరికీ పెరట్లో కోళ్లుండేవి. సాయంత్రం గోడల మీదుగా ముచ్చట్లన్నీ వాటి గురించే. ఎవరైనా "మా నల్లపెట్ట పొదుగుకొచ్చింది" అంటే చాలు, పక్కింటి అక్క వెంటనే అడిగేది: "గంపల ఇనుము ఏసినవా?"

ఉరుముకు గుడ్లు మురిగిపోకుండా పొదిగే గంపలో ఇనుపముక్క ఉండాలని ఆమె నమ్మకం. నేను నవ్వితే తనే ఒక మేకు తెచ్చి మా గంపలో దూర్చి పోయేది.

ఒక ఎండాకాలం, వాళ్లాయన పనిచేసే మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలింది. మా కిటికీలు అదిరాయి. ఆయన తిరిగి రాలేదు. ఆమె గంపలో గుడ్లు మాత్రం ఒక్కటి కూడా మురగకుండా పిల్లలయ్యాయి. నేను పలకరించడానికి వెళితే వాటికి నూకలు చల్లుతూ, నా వైపు చూడకుండా అంది:

"గుడ్లకు ఏసిన గని, ఆయన జేబుల ఏయకపోతి చెల్లె."

అప్పటి నుంచి గల్లీలో ఎవరు షిఫ్టుకు బయలుదేరినా గేటు దగ్గర ఆపి, టిఫిన్ సంచిలో ఒక మేకు వేసేది. మా ఆయన నవ్వేవాడు.

"ఉండనీ సారూ, బరువైతదా ఏంది?" అనేది.

తర్వాత ఆమె ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఎక్కడికో చెప్పలేదు. మొన్న మా ఆయన కొత్త సంచి కొన్నాడు. పాతది పారేయబోతూ, లోపల చెయ్యి పెట్టి వెతికి, తుప్పు పట్టిన మేకును తీసి కొత్త సంచిలో వేసుకున్నాడు. తలెత్తితే ఎదురుగా నేనున్నాను.

ఈసారి ఇద్దరం నవ్వలేదు.