విశ్వనాథం గారి సుడిగాలి వేట

కెనడాలోని మా గ్వెల్ఫ్‌లో తుఫాను హెచ్చరిక వస్తే అందరూ కిటికీలు మూసుకుంటారు. విశ్వనాథం గారు మాత్రం కారు తాళాలు వెతుక్కుంటారు. ఆయన రిటైరైన ఇంజనీరు, నేను ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంటుని. సుడిగాలిని ఒక్కసారి ఫొటో తియ్యాలని ఇరవై రెండేళ్లుగా ఆయన కోరిక. ఇంతవరకూ తీసినవన్నీ వెళ్లిపోతున్న మబ్బుల వీపులే.

దానికి కారణం రాహుకాలం.

"అంకుల్, రాడార్ అంతా ఎర్రగా ఉంది, పదండి!" అంటాను.

"రాహుకాలంలో గడప దాటమంటావా? ఇరవై నిమిషాలు ఆగు," అని గరాజ్‌లోకి వెళ్లి తలుపేసుకుంటారు.

తరవాత వెళ్తే తడిసిన రోడ్డు, విరిగిన కొమ్మలు. ఆయన భార్య పద్మిని ఆంటీ కట్టిచ్చిన పులిహోర తినేసి వచ్చేస్తాం.

దారిలో నాకు ఆయన క్లాసు ఉంటుంది. "యాభైల్లో తుఫాన్ల వెంటపడ్డవాళ్లకి ఫోనుందా? కాగితం మ్యాపు, ఆకాశం, అంతే! డెబ్భైల్లో యూనివర్సిటీలవాళ్లు దిగారు. ఇప్పుడు ఫోనున్న ప్రతివాడూ వేటగాడే!"

"వాళ్లెవరూ రాహుకాలం చూసినట్టు లేదు అంకుల్."

"అందుకే ఎన్ని కార్లకి సొట్టలు పడ్డాయో!"

మొన్న జులైలో, గురువారం సాయంత్రం ఆరింటికి, సుడిగాలి పక్క ఊరి మీదికే వస్తోందని ఫోన్లలో అలర్ట్ మోగింది. ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఆయన కెమెరా మెడలో వేసుకుని, "రాహుకాలం" అంటూ మళ్లీ గరాజ్‌లో దూరారు. నాకు ఒళ్లు మండి పంచాంగం యాప్ తెరిచాను. రాహుకాలం ఎప్పుడో అయిపోయింది!

తలుపు తోసుకుని వెళ్తే, ఆయన పక్క ఊళ్లో ఉన్న తెలుగువాళ్ల పేర్ల కాగితం పట్టుకుని ఫోన్లో అరుస్తున్నారు. "కమలకుమారి గారూ, కూర సంగతి తరవాత! స్టవ్ కట్టేసి, మనవరాలిని తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగండి!"

"అలర్ట్ అందరికీ వచ్చింది కదా అంకుల్?"

"అలర్ట్ మోగితే మనవాళ్లు కిందికి దిగుతారా? వీడియో తీద్దామని పెరటి గుమ్మం ముందున్న చెక్క డెక్ మీదికొస్తారు!"

"మరి రాహుకాలం అని అబద్ధమెందుకు?"

"నిజం తెలిస్తే మీ ఆంటీ, 'ఇంట్లోనే కూర్చుని ఫోన్లు చేసుకోండి, వేటెందుకు' అంటుంది."

"సుడిగాలి వెళ్లిపోతుంది అంకుల్!"

"ఇంకా ఆరుగురున్నారు," అన్నారు, కిటికీ వైపు ఒకసారి ఆశగా చూసి.

నాకు సిగ్గేసింది. ముగ్గురి నంబర్లు నేను తీసుకున్నాను. మా ఫోన్లు పూర్తయ్యేసరికి ఆకాశం తెల్లబడింది. అప్పుడే కమలకుమారి గారు ఫోన్ చేశారు. "మా డెక్ ఎగిరి పక్కింటి పెరట్లో పడిందండీ! మేం బాగానే ఉన్నాం. కూరే ఉడకలేదు."

ఆయన కెమెరా మెడలోనే ఉంచుకుని, పులిహోర డబ్బాతో కారెక్కి వాళ్లింటికి పరిగెత్తారు.

ఇప్పుడు ఆయన హాల్లో ఒక పెద్ద ఫొటో ఉంది. డెక్ లేని గుమ్మంలో కమలకుమారి గారు, మనవరాలు, చేతుల్లో పులిహోర, ఇద్దరూ పళ్లికిలించి నవ్వుతున్నారు. కింద ఆయన దస్తూరీలో రాసుంది: "నేను తీసిన సుడిగాలి."