గుర్తుదారం

మా నాయన ఉపదేశి. పాస్టరు ఆదివారం ప్రసంగం చేసి వెళ్ళిపోతే, మిగతా ఆరు రోజులూ ఆ ప్రసంగాన్ని మోసుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషన్నమాట. మద్రాసు వ్యాసర్పాడిలో రైల్వే యార్డు పక్కన పనివాళ్ళ ఇళ్ళలో మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు పద్నాలుగు ఉండేవి. అందరం తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళమే. గుడి ఒక్కటే. పొద్దున ఏడింటికి తమిళ ఆరాధన, అది ముగిశాక పదింటికి మాది. వాళ్ళు వెచ్చబెట్టిపోయిన బల్లల మీద మేం కూర్చునేవాళ్ళం.

నాయనది ఒకటే పట్టు. దీపం పెట్టాక ప్రతి ఇంట్లో బైబిల్లో ఒక అధ్యాయం చదవాలి, అందరూ మోకరించి ప్రార్థన చెయ్యాలి. "అన్నం తింటిరా అని అడిగేది లేదు, అధ్యాయం చదివితిరా అనే అడగతాడు ఈ అయ్య" అని ఆడవాళ్ళు ఆయన వెనక నవ్వుకునేవాళ్ళు. ఆయన ముందు మాత్రం కొంగు కప్పుకుని బుద్ధిగా నిలబడేవాళ్ళు.

చదువు సాగుతోందో లేదో తెలుసుకోవడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం గుర్తుదారం. చాకలిపేటలో నేతపని చేసేవాళ్ళ దగ్గర తెగిన నీలం నూలు తెచ్చి నాకిచ్చేవాడు. నేను మూడు పాయలుగా అల్లి కొసన ముడి వేసేదాన్ని. ఇంటికొకటి. చదివిన చోట ఆ దారం ఉంచాలి. వారానికోసారి నాయన వచ్చి బైబిలు తెరిచి, దారం ఎంత జరిగిందో చూసి, అక్కడ నాలుగు మాటలు చదివి, ప్రార్థన చేసి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి లేచేవాడు. దారం కదలని ఇంట్లో కాఫీ ముట్టేవాడు కాదు. తిట్టేవాడూ కాదు. లోటా అక్కడే పెట్టి వచ్చేసేవాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషి కాఫీ వద్దని లేచిపోతే ఆ ఇల్లాలి ముఖం ఏమవుతుందో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. మా కొంప ముంచింది ఆ పట్టుదలే.

నేను టీచరు ట్రైనింగు ముగించి ఎలిమెంటరీ స్కూల్లో చేరిన ఏడు ఆయన చూపు పోయింది. కళ్ళాసుపత్రి డాక్టర్లు నీటికాసుల జబ్బన్నారు. పోయిన చూపు ఇక రాదన్నారు. ఆయన ఇళ్ళు తిరగడం మానలేదు. స్కూలు వదలగానే నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. దారం ఎక్కడుందో చెప్పడం, ఆ చోటు చదవడం నా పనైంది.

యార్డులో ఫిట్టరుగా పనిచేసే ఒకాయన ఇంట్లో నాకు సంగతి తెలిసింది. వాళ్ళది కొత్త బైబిలు, ఎర్ర రంగు అంచులది. అలాంటి పుస్తకంలో ఆకులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఒక్కొక్కటే తిప్పితే గాని విడవవు. దారం యెషయా గ్రంథంలో ఉంది. దాని ముందు ఆకులు తిప్పబోతే చిటచిటమని విడిపోయాయి. అప్పటిదాకా వాటిని తాకిన చెయ్యి లేదు.

ఫిట్టరు భార్య నన్ను వంటింట్లోకి లాగింది. "ఏం చేసేది అమ్మణ్ణీ. ఈయనకా చదువు రాదు. పిలకాయలది తమిళ ఇస్కూలు, తెలుగు అచ్చరం ఒకటీ తెలీదు. అయ్య మా ఇంట్లో కాఫీ తాగకుండా పోతే నాకు మనసు ఒప్పదు. అందుకని అయ్య వచ్చే దినాన చదవకనే సుమ్మా దారం జరపతా ఉండాం. అయ్యకి చెప్పబాక."

ముందు గదిలో నాయన హాయిగా కాఫీ తాగుతున్నాడు. తిరిగొస్తూ నాతో అన్నాడు: "చూసినావా అమ్మణ్ణీ, లేవీయకాండం దాటుకుని యెషయా దాకా వచ్చినారు! ఆ బలుల లెక్కల కాడ నేనే మూడుసార్లు కునుకు తీసినా." నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అవునన్నాను.

తర్వాత చూస్తే పద్నాలుగిళ్ళలో నిజంగా చదువుతున్నవి మూడే. మిగతా ఇళ్ళలో పుస్తకం పెట్టెలోనే, ప్రయాణం దారానిదే. రెండేళ్ళు నేను నోరెత్తలేదు. గుడ్డివాడి చేతికర్ర లాక్కోవడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. పెద్ద దయగలదాన్ని కదా! నేను టీచర్ని. సాయంత్రం ఒక గంట ఆ పిల్లల్ని కూర్చోబెట్టి అ ఆలు దిద్దించి ఉంటే సరిపోయేది. ఆ పని చెయ్యలేదు. అబద్ధమైతే ఒళ్ళు వంచక్కర్లేదు.

మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర విడిపోయాక రెండు కుటుంబాలు అక్కడికి వెళ్ళిపోయాయి. తెలుగు ఆరాధనకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఇక తమిళ ఆరాధనలో కలిపేద్దామని పాస్టరుగారు సంఘపెద్దల ముందు పెట్టారు. ఆయన చెడ్డవాడేం కాదు, ఖాళీ బల్లలకు ఎన్నాళ్ళని ప్రసంగం చేస్తాడు? నాయన లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, బల్లల్ని చూడబాకండి, ఇళ్ళని చూడండి. ప్రతి ఇంట్లో దినామూ తెలుగు వాక్యం చదవతా ఉండారు. వచ్చే ఆదివారం వాళ్ళ బైబిళ్ళు తెమ్మంటా. దారం ఉండే చోట ఇంటికొకరు లేచి చదవతారు. విని, ఆ తరవాత మీ ఇష్టం."

నాయనకు నిజం చెప్పడానికి ఆరు రోజులున్నాయి. ఒక్కరోజూ చెప్పలేదు.

ఆదివారం అందరూ వచ్చారు, బైబిళ్ళూ తెచ్చారు. నాయన మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు, అదే మా ఖర్మ. ముందు ఫిట్టరు పేరు పిలిచాడు నాయన. ఆయన లేచి పుస్తకం తెరిచి, దాన్ని చూసి, భార్యను చూసి, చివరికి నన్ను చూశాడు. వాళ్ళింట్లో ఎప్పుడూ చదివేది నేనే కదా.

నాయన చెవి అటు ఒగ్గాడు. "చదవబ్బయా. కళ్ళజోడు మరిచినావా? ఎవురిదన్నా ఇయ్యండమ్మా" అన్నాడు.

ఫిట్టరు పుస్తకం మూశాడు. "అయ్యా, మన్నించండి. మాకు చదవను రాదు. మీరు నొచ్చుకుంటారని దారం జరపతా వస్తిమి." ఆగి, అన్నాడు: "అమ్మణ్ణికి తెలుసయ్యా."

ఆ మాట నా మీద నేరం మోపాలని కాదు. నేను తెలిసి ఊరుకున్నానంటే అది పెద్ద తప్పు కాదేమోనని అడ్డం పెట్టుకున్నాడంతే. నాయన చేత్తో బల్ల అంచు వెతుక్కుని, పట్టుకుని, కూర్చున్నాడు. ఇంకెవరినీ పిలవలేదు.

తెలుగు ఆరాధన ఆ నెలతో ఆగిపోయింది. ఆయన ఇళ్ళకు వెళ్ళడమూ మానేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. దీపం పెట్టాక ఎప్పటిలాగే బైబిలు తీసి పక్కన కూర్చున్నాను. ఒకరోజు కీర్తన చదువుతున్నాను, దుఃఖంలో ఉన్నవాణ్ణి దేవుడు విడిచిపెట్టడనే కీర్తన. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అమ్మణ్ణీ, ఆడ నిజంగా అట్లనే ఉండాదా? నేను నొచ్చుకుంటానని చదవతా ఉండావా?"

"ఉంది నాయనా, ఇక్కడే ఉంది" అని ఆయన వేలు పట్టుకుని ఆ వరస మీద పెట్టాను. వేలు కాసేపు కాగితం మీద అటూ ఇటూ తిరిగింది. అచ్చు అక్షరం వేలికి తగలదు.

"సరి, చదువు" అన్నాడు.

తర్వాత ఆయన నాలుగేళ్ళు బతికాడు. రోజూ చదివాను, ఒక్క అక్షరం మార్చకుండా. రోజూ ఎక్కడో ఒకచోట ఆపి అదే అడిగేవాడు. ఉంది నాయనా అనేదాన్ని. నమ్మాడో లేదో ఒక్కరోజు కూడా చెప్పలేదు.