పర్వాలేదుకు గడి లేదు

గుండె ఆపరేషన్ల పరిశోధన విభాగంలో ఆ నర్సును అందరూ దిండ్లక్క అంటారు. ఎదురుగా అన్నా ఆవిడ నొచ్చుకోదు. ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్లినవాళ్లను నెలకోసారి వీడియో కాల్‌లో పలకరించి, ఎలా ఉన్నారో ఫారంలో నింపడం ఆవిడ పని. ఫారంలో రెండే గడులు: బాగుంది, బాగాలేదు. మనవాళ్లేమో ఆ రెండూ అనరు. ఊపిరి సగమే ఆడుతున్నా "పర్వాలేదమ్మా" అంటారు. తక్కిన సిబ్బంది దాన్ని బాగుంది కింద టిక్కు కొట్టేసి టీకి లేస్తారు. ఆవిడ మాత్రం ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారని అడుగుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే మనిషి వెల్లకిలా పడుకోలేడు. నోరు దాచినా దిండ్లు దాచవు.

ఆ రోజు జాబితాలో చివరివాడు, మూడు నెలల కిందట గుండె కవాటం మార్పించుకున్న దర్జీ. పెద్ద డాక్టరు అప్పటికే రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, దగ్గి వెళ్లాడు. తను చేసిన నలభై ఆపరేషన్లలో ఒక్కరూ తిరిగి ఆస్పత్రిలో చేరలేదని మర్నాడు సభలో చెప్పాలని ఆయన ముచ్చట.

దర్జీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ కూర్చున్నాడు గానీ, తెరమీద చొక్కా కాలరూ, ఆయన ముక్కూ, పైన ఫ్యానూ తప్ప ఏమీ కనపడటం లేదు. అడిగినదానికల్లా పర్వాలేదన్నాడు.

"దిండ్లెన్ని, మాస్టారూ?"

"ఒకటేనమ్మా."

వెనకనుంచి భార్య అందుకుంది. "ఒకటా? నా దిండు కూడా లాక్కున్నారు. వారంనుంచి కూర్చునే కునుకుతున్నారు తల్లీ."

"నువ్వూరుకోవే. డాక్టరుగారు అంత కష్టపడి కుట్టారు. బాగాలేదంటే కుట్టు బాగాలేదన్నట్టు కాదూ? నా కుట్టును ఎవరైనా అలా అంటే నాకెలా ఉంటుంది?"

నర్సుకు నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది.

"కుట్టు భేషుగ్గా ఉంది మాస్టారూ. నీరు చేరినట్టుంది, అంతే. చొక్కా ఎలాగూ వేసుకున్నారు, అంబులెన్సు పంపిస్తున్నా, ఎక్కేయండి."

తర్వాత డాక్టరు గదికెళ్లి, ఒకరు తిరిగొస్తున్నారని చెప్పింది. ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. వస్తున్నది ఎవరో, ఎందుకు దాచాడో విన్నాక మాత్రం కుర్చీలోంచి లేచి, తనే గేటు దగ్గరికి నడిచాడు.

ఇంకో రెండ్రోజులు ఆగితే చెయ్యి దాటిపోయేదని పరీక్షలు తేల్చాయి. మర్నాడు సభకు బయల్దేరేముందు డాక్టరు వార్డులోకి తొంగి చూశాడు. దర్జీ మందుల ప్రభావంతో, వారం తర్వాత మొదటిసారి, నడుం వాల్చి గురక పెడుతున్నాడు. డాక్టరు అక్కడే నిలబడి, సభలో చదవబోయే కాగితంలో సున్నా కొట్టేసి ఒకటి రాసుకున్నాడు.