మొహం సరిగ్గా పెట్టమ్మా

మూకండపల్లిలో మా ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు చూసుకోవడం నా పని. కెమెరాకు మొహం చూపిస్తేనే హాజరు పడుతుంది. రెండు నెలల క్రితం మొహానికి వాతం వచ్చి, ఇక్కడ పనిచేసే మునెమ్మ మూతి ఒక పక్కకు పోయింది. అప్పటి నుంచి మెషిన్ ఆమెను ఒక పట్టాన గుర్తుపట్టదు. వెనక క్యూ పెరుగుతుంటే నేను రోజూ విసుక్కుంటాను, "మొహం సరిగ్గా పెట్టమ్మా" అని. ఆమె వేళ్లతో పెదవిని పైకెత్తి పట్టుకుని మళ్లీ నిలబడుతుంది.

ఈ రోజు ఆయుధపూజకని ఎవరో ఆర్టిస్టు చేత క్యాంటీన్‌లో కెమెరా ఉన్న పెద్ద టీవీ తెర పెట్టించారు. దాని ముందు నిలబడితే మన మొహం మైనంలా జారిపోతూ కనిపిస్తుంది. నేను నిలబడగానే నా నోరు చెవి దాకా పోయింది. అందరూ విరగబడి నవ్వారు. నాకు తెలియకుండానే నా వేళ్లు పెదవి మీదికి వెళ్లాయి.

వెనక నుంచి మునెమ్మ అంది, "భయపడొద్దప్పా. ఈడ నుంచి రవంత పక్కకు జరిగితే మీ మొగం మీకొచ్చేస్తుంది."

వెటకారం కాదు, నిజంగానే ధైర్యం చెప్పింది. జరిగాను. వచ్చేసింది.

మెషిన్ గుర్తుపట్టకపోతే పుస్తకంలో హాజరు రాసుకోమని నాకు మొదట్లోనే చెప్పారు. ఒక్క రోజూ రాయలేదు. మునెమ్మ ఎవరో మెషిన్‌కు తెలియదు. నాకు ఏడేళ్లుగా తెలుసు. మీ గేట్ల దగ్గర కూడా నాలాంటివాళ్లు ఉన్నారా?