నా పళ్లెంలోని మూలుగ

నాకు పొట్టేలు మాంసమంటే ప్రాణం. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే వాకిట్లో నుంచే అది లేతదో ముదురుదో చెప్పేదాన్ని. దీన్ని ఏ కసాయి ఇంటికైనా కోడలిగా ఇచ్చుంటే బాగుపడేదని మా అక్క ఎగతాళి చేసేది. అలాంటిదాన్ని, కువైట్‌కు వచ్చి, సాల్మియాలో సముద్రానికి ఎదురుగా ఉండే ఖరీదైన హోటళ్లలో తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చుని, మాంసాన్ని చూస్తే గుండె దడదడలాడే మనిషినయ్యాను. ఊళ్లో చెబితే ఎవరూ నమ్మలేదు. తిండి చూసి భయమేమిటే, తిని పారేయక, అన్నారు.

భయం నా తిండి గురించి కాదు. నేను పనిచేసే ఇంట్లో ఐదేళ్ల పాప ఉంది. ఆ పాపకు జీడిపప్పు, పిస్తా పడవు. పడకపోవడమంటే దద్దుర్లు లేచి సాయంత్రానికి తగ్గిపోయే రకం కాదు. పెదాలు వాచి, గొంతు మూసుకుపోయి, ఊపిరి ఆగిపోయే రకం. నేను చేరకముందు ఒకసారి అంత పనీ అయిందట. అందుకే నేను పనిలో చేరిన మొదటి వారమే మామా నన్ను ఒక నర్సు ముందు కూర్చోబెట్టింది. ఇంటి యజమానురాలిని ఇక్కడ మేమంతా మామా అనే పిలుస్తాం. పెన్నులాంటి ఇంజెక్షన్‌ను తొడమీద ఎలా పొడవాలో, ఎంతసేపు కదలకుండా పట్టుకోవాలో ఆ నర్సు నేర్పింది. ఆనాటి నుంచి రెండు పెన్నులున్న చిన్న సంచి నా భుజాన్ని వదిలింది లేదు. స్నానానికి వెళ్లినా తలుపు వెనక మేకుకు తగిలించుకునేదాన్ని.

ఇక ఈ దేశంలో విందంటే అన్నం మీద జీడిపప్పు, పిస్తా, బాదం చల్లాల్సిందే. కాబట్టి శుక్రవారం వస్తోందంటే గురువారం రాత్రే సంచిలో పెన్నులు రెండూ ఉన్నాయో లేదో మళ్లీ మళ్లీ చూసుకునేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక బయట భోజనం ఆ ఇంటి అలవాటు. బాబా, అంటే ఇంటి యజమాని, ఎప్పుడూ ప్రయాణాల్లోనే ఉండేవాడు గనక తరచుగా మామా, పాప, నేను, ముగ్గురమే. జీడిపప్పు, పిస్తా తగలకూడదని మామా ముందుగా వెయిటర్‌కు చెప్పేది, వెయిటర్ వంటగదిలో చెప్పేవాడు. పాప పళ్లెం వచ్చాక నా పని మొదలయ్యేది. అన్నాన్ని వేళ్లతో కొంచెం కొంచెంగా పక్కకు జరుపుతూ, చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరినట్టు వెతికేదాన్ని. మాంసం ముక్కలను విరిచి చూసేదాన్ని. తర్వాత ఒక ముద్ద నేను తిని, నాలుక మీద కాసేపు ఉంచుకుని, అప్పుడు "తమామ్" అనేదాన్ని. అంతా బాగుంది అని. ఆ మాట నా నోట్లో నుంచి వచ్చేదాకా పాప నోరు తెరిచేది కాదు. అంత బుద్ధిమంతురాలు.

మొదట్లో మామాకు సిగ్గేసింది. పక్క బల్లల వాళ్లు చూస్తున్నారని ఫోర్కు నా వైపు జరిపింది.

"ఫోర్కుకు స్పర్శ ఉండదు మామా" అన్నాను నాకొచ్చిన అరబ్బీలో.

ఆమె నవ్వింది. మళ్లీ ఎప్పుడూ ఫోర్కు మాట ఎత్తలేదు.

ఆమె గురించి చెడ్డగా చెప్పలేను. చాలా ఇళ్లలో పనిమనిషిని హోటల్‌కు తీసుకెళ్లి పక్కన ఖాళీగా కూర్చోబెడతారు. నాలాంటి వాళ్లు మెనూ కార్డు వైపు చూడకుండా, పిల్లల మూతులు తుడుస్తూ కూర్చోవడం ఎన్నిసార్లు చూశానో. మామా మాత్రం నాకు వేరే పళ్లెం తెప్పించేది. నేను ఎద్దు మాంసం తిననని తెలుసు కనుక గొర్రె మాంసమేనా అని రెండుసార్లు అడిగేది. శనివారం అసలు మాంసం ముట్టనని కూడా ఆమెకు తెలుసు. ఎప్పుడైనా శనివారం బయటికి వెళితే నాకు పప్పు సూపు చెప్పేది. నిజం చెప్పాలంటే, ఆ శనివారాల్లోనే నా పని బాగుండేది. శుక్రవారాల్లో మనసు రెండు ముక్కలయ్యేది. కళ్లు పాప పళ్లెం మీద, ముక్కు నా పళ్లెం మీద. పాప తినడం అయ్యేసరికి నా ముక్కల మీద కొవ్వు తెల్లగా పేరుకునేది. నేను తిన్నంత మంచి మాంసం మా జిల్లాలో ఎవరూ తిని ఉండరు. నేను తిన్నంత చల్లారిపోయిన మాంసం కూడా తిని ఉండరు.

మా డ్రైవరుది రాయచోటి. కారెక్కగానే అద్దంలో చూస్తూ అడిగేవాడు.

"ఏమక్కా, ఈ పొద్దు ఏం తింటివి?"

"తినిండేది ఏమో నాకే తెలీలా, పోనీలే నాయనా."

"నీ బతుకు బాగుండాదక్కా. మేము ఖైతాన్‌లో మా రూములో చికెన్ పకోడీకి కొట్టుకుంటాండాం."

వాడికేం తెలుసు. ఒక్కొక్క మెతుకు వెనకా ఆ పాప ఊపిరి ఉందని తెలిసినవాడికి ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? అయినా నాకు ఆకలి అయ్యేది. అదే నా మీద నాకు కోపం.

ఆ శుక్రవారం చలిగా ఉంది. సముద్రం ఒడ్డున కొత్తగా తెరిచిన హోటల్. నేపాల్ నుంచి వచ్చిన వెయిటర్ మామా చెప్పినదంతా కాగితం మీద రాసుకుని, లోపలికి వెళ్లి, తిరిగి వచ్చి, పాప పళ్లెంలో జీడిపప్పు, పిస్తా లాంటివేవీ ఉండవని మళ్లీ చెప్పాడు. పాపకు కోడిమాంసం, తెల్లన్నం. నాకు గొర్రె పిక్క, పొడుగాటి ఎముకతో, చిక్కటి పులుసులో. నేను పాప పళ్లెం ఎప్పటిలాగే వెతికాను. రుచి చూశాను. తమామ్ అన్నాను. పాప తినసాగింది.

ఎందుకోగాని ఆరోజు నా పళ్లెం ఇంకా వేడిగానే ఉంది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో, మా ఊరి పెళ్లిపందిట్లో కూర్చున్నట్టయింది. గసగసాలు మెత్తగా నూరి పోసిన పొట్టేలు కూర. అదే చిక్కదనం, అదే కమ్మదనం. ఎన్నేళ్లయిందో అలాంటి కూర తిని. కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గు లేకుండా వేళ్లు నాక్కుంటూ తిన్నాను. మామా ఫోన్ చూసుకుంటోంది.

ఎముక చివర మూలుగ కనిపించింది. మా ఇళ్లలో మూలుగ ఎవరి ఎముకలో వచ్చినా ఇంట్లో అందరికంటే చిన్నబిడ్డకే. మా అమ్మ తన ఎముకను కంచానికేసి తట్టి నా నోట్లో పెట్టేది. మా అక్క తన పిల్లలకు పెట్టేది. అడిగి పెట్టేది కాదు, ఆలోచించి పెట్టేది అంతకన్నా కాదు. నేనూ ఎముక తట్టాను. వెన్నలా జారింది మూలుగ. దాన్ని పులుసులో అద్ది పాప నోటికి అందించాను. పాప నన్ను నమ్మి నోరు తెరిచింది.

"అక్కా, ఇంకా!" అంది. డ్రైవరు పిలుపు విని ఆ పిల్ల నన్ను అక్కా అనే పిలిచేది.

కాసేపటికి నాలుకను చేత్తో రుద్దుకోవడం మొదలుపెట్టింది. మూతి చుట్టూ ఎర్రబడింది. నేను వెంటనే పాప పళ్లెం వైపు చూశాను. అందులో ఏముంది? అన్నీ వెతికానే! మళ్లీ వేళ్లు పెట్టి కెలికాను. అప్పటికి దగ్గు మొదలైంది, కుక్క మొరిగినట్టు దగ్గు. పై పెదవి నా కళ్ల ముందే లావెక్కింది. సంచి తెరిచాను. పెన్ను మూత తీసి, ప్యాంటు మీదనుంచే తొడకు పొడిచి, ఒకటి రెండు మూడు అని తెలుగులోనే పది దాకా పైకి లెక్కపెట్టాను. మామా అరుపుకు హోటలంతా లేచి నిలబడింది.

కారులో పాపను ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. ఊపిరి కొంచెం కొంచెంగా ఆడుతోంది. నా నాలుక మీద ఆ పులుసు రుచి ఇంకా ఉంది. అప్పుడు తట్టింది. ఈ దేశంలో గసగసాలు మత్తుమందు కింద లెక్క. విమానం ఎక్కేముందు ఏజెంటు మొదట చెప్పే మాట అదే, సంచిలో గుప్పెడు దొరికినా జైలుకు పోతావని. ఇక్కడ ఏ హోటలువాడు వాటిని నూరి కూరలో పోస్తాడు? ఆ చిక్కదనం జీడిపప్పుది. నా నాలుక సరిగ్గానే పట్టుకుంది. నేనే దానికి మా ఊరి పేరు పెట్టుకుని మురిసిపోయాను. పాప పళ్లెమంతా వెతికినదాన్ని, నా పళ్లెం సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆసుపత్రిలో పాపకు ముక్కు మీద ఆక్సిజన్ పెట్టారు. వాపు తగ్గుతోందన్నారు, సాయంత్రం దాకా కనిపెట్టి చూడాలన్నారు. మామా వరండాలో ఫోన్‌లో హోటలు మేనేజరు మీద అరుస్తోంది. ఆ వెయిటర్‌ను ఈరోజే తీసేస్తామని అవతలివాడు అంటున్నట్టున్నాడు. డ్రైవరు పక్కకు పిలిస్తే జరిగింది చెప్పాను.

"అక్కా, నువ్వు నోరు మూసుకోని ఉండు. హోటలోళ్లు పడతారులే. చెప్తివంటే ఖలాస్, రేపే టికెట్టు చేతిలో పెడతాది."

వాడు నా మంచికే చెప్పాడు. నాకూ అలాగే ఉండాలనిపించింది, అబద్ధమెందుకు. కానీ నేను నోరు మూసుకుంటే తప్పు పాప పళ్లెంలోనే జరిగిందని మామా అనుకుంటుంది. ఇకముందు కూడా ఆ పళ్లెమే వెతికిస్తుంది. పక్క పళ్లెంలో నుంచి, ముద్దు చేసే చేతిలో నుంచి వచ్చేదాన్ని ఎవరు చూస్తారు? ఇంకోసారి ఆ దగ్గు వినే శక్తి నాకు లేదు.

వెళ్లి మామా ముందు నిలబడ్డాను.

"పాప పళ్లెంలో ఏమీ లేదు మామా. నా పళ్లెంలో ఉంది. నేనే పెట్టాను."

ఆమె ఫోన్ కిందికి దించింది. "ఎందుకు?"

చిన్నబిడ్డకు మూలుగ పెట్టడమంటే ఏమిటో చెప్పేంత అరబ్బీ నాకు రాదు.

"చాలా బాగుందని పెట్టాను మామా" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మళ్లీ హోటలుకు ఫోన్ చేసి వెయిటర్ తప్పేమీ లేదని చెప్పింది.

ఆ వారమంతా టికెట్టు కోసం ఎదురుచూశాను. పెట్టె సగం సర్దుకున్నాను కూడా. మామా ఆ ఊసే ఎత్తలేదు. ఆదివారం మాత్రం నా భుజానున్న పెన్నుల సంచి తీసి తన భుజానికి తగిలించుకుంది. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

శుక్రవారం వేరే హోటలుకు వెళ్లాం. పాప పళ్లెం వచ్చింది. నా చెయ్యి దానంతటదే అటు వెళ్లింది. మామా ఆ పళ్లెం నెమ్మదిగా తన వైపు జరుపుకుంది. ఉంగరాలు తీసి బల్ల మీద పెట్టింది. నాలాగే వేళ్లతో అన్నం కొంచెం కొంచెంగా జరుపుతూ వెతికింది. ముద్ద తిని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఆగింది. పాప నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"తమామ్" అంది మామా. పాప తల్లి వైపు తిరిగి నోరు తెరిచింది.

"నువ్వు తిను" అంది మామా నాతో. ఆమె గొంతులో కోపం లేదు. "ఇకనుంచి నేను చూసుకుంటా. నువ్వు వేడివేడిగా తిను."

పక్కటెముకలు, నిప్పుల మీద కాల్చినవి, ఇంకా చిటపటలాడుతున్నాయి. మూడేళ్లుగా నేను కోరుకున్నది అదే. ఎవరి ఊపిరీ నా చేతిలో లేకుండా, వేడి మాంసం ముందు పెట్టుకుని, నా మానాన నేను తినడం. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. ఎంతసేపు నమిలినా గొంతు దిగలేదు.

"నాకు ఆకలిగా లేదు మామా" అన్నాను. పొట్టేలు మాంసం ముందు కూర్చుని ఆ మాట అనడం నా జన్మలో అదే మొదటిసారి.