ఇన్సులిన్ కోసం నడిస్తే

నా ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయడం లేదట. తిన్నాక అరగంట నడిస్తే దారికొస్తుందని నంద్యాల డాక్టరు చెప్పారు. ఈ పొద్దున టిఫిన్ తిని శిరివెళ్ల రోడ్డు పట్టాను. ఎక్కించుకుంటామని రెండు బైకులు, ఒక ఆటో ఆగాయి. వద్దని పంపేశాను. తర్వాత మా చిన్నాయన ట్రాక్టర్ ఆపాడు.

"యాడికి పోతాండావ్? ఎక్కు."

"యాడికీ లేదు చిన్నాయనా. షుగరుందని నడుస్తాండా."

"పొలం గట్టు తగాదా ఇంకా మనసులో పెట్టుకున్యావా?"

ఆ తగాదా తీరి నెల కూడా కాలేదు. ఎక్కాను.

వాళ్లింటికి తీసుకెళ్లి, రాజీ గట్టిపడాలని కాబోలు, చక్కెర ఎక్కువేయించి టీ ఇప్పించాడు. తాగాను.

అరగంట నడవడానికి బంధువులు లేని రోడ్డు కావాలి. మీకు తెలిస్తే చెప్పండి, అక్కడిదాకా బస్సులో వస్తాను.