పెళ్ళిచూపులకు హోటల్ చూసిపెట్టాను

మా బంధువుల్లో ఎవరికి ఏ ఊళ్ళో ఆకలేసినా ముందు నాకు ఫోన్ వస్తుంది. "అక్కా, మానుకోట స్టేషన్ కాడ ఉన్న. టిఫిన్ ఏడ మంచిగుంటది?" అని మా చిన్నాన్న కొడుకు అడుగుతాడు. "వదినా, భూపాలపల్లికి పెళ్ళికొచ్చినం. ఈడి భోజనం తినబుద్ధి అయితలేదు, జర మంచి హోటల్ చెప్పు" అని మరదలు గుసగుసగా అడుగుతుంది. నేనేమీ వంటల్లో ఆరితేరినదాన్ని కాదు. అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇచ్చే ఉద్యోగంలో పాతికేళ్ళుగా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చుట్టూ బస్సుల్లో తిరుగుతున్నాను. తిరిగినదాన్ని మధ్యాహ్నం ఎక్కడో ఒకచోట కూర్చుని తినాలి కదా.

మా పుట్టిల్లు మహబూబాబాద్. మేమందరం దాన్ని మానుకోట అనే అంటాం. మాది హోల్‌సేల్ కిరాణా వ్యాపారం. కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు. అలాంటి ఇంటి ఆడపిల్ల ఒక్కతే హోటల్లో కూర్చుని తింటోందని తెలిసినప్పుడు మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "అంతమంది మొగోళ్ళ నడుమ కూసుంటే నోట్లెకు బుక్క ఎట్ల పోతదే?" అంది. "చేత్తోనే పోతది అమ్మా" అన్నాను. ఇంకో రెండు రోజులు మాట్లాడలేదు.

బోర్డు చూసి హోటల్‌లోకి దూరేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఫోన్‌లో చుక్కలు లెక్కపెట్టి పోయేవాళ్ళను చూస్తే ఇంకా మండుతుంది. ఆ చుక్కలు పెట్టినవాడు ఎంత ఆకలి మీద తిన్నాడో మనకేం తెలుసు? నేను ముందు చేతులు కడిగే చోటుకు పోతాను. అక్కడ సబ్బు ఉండి, కింద నీళ్ళు నిలవకుండా ఉంటే సగం పాస్. తర్వాత కూర్చుని చట్నీ రెండోసారి అడుగుతాను, వేసేవాడి మొహం చూస్తాను. మొదటిసారి ఎవడైనా వేస్తాడు, గుణం తెలిసేది రెండోసారే. బయ్యారంలో ఆలుమగలు నడిపే మెస్ ఒకటి ఉండేది. ఒకరోజు నేను కూర్చోగానే ఆమె వచ్చి, "అక్కా, ఇయ్యాల పప్పు అడుగంటింది. చారు పోసుకోని తిను, చారు మంచిగున్నది" అంది. ఆ మాట విన్నాక పదేళ్ళు ఆ ఊళ్ళో ఇంకో చోట తినలేదు.

గంగారం వైపు పోతే మాత్రం హోటల్ ఊసే ఎత్తను. అక్కడ తండాలో ఒక టీచర్ వాళ్ళమ్మ జొన్నరొట్టెలు చేసి పెడుతుంది. ఆమె తమ భాషలో ఏదో అంటే, ఏమంటోందని టీచర్‌ను అడిగాను. "రెండు రొట్టెలకే లేసేటట్టయితే మళ్ళ రావద్దు అంటున్నది మేడం" అంది. అప్పటినుంచి మూడు తింటున్నాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకు హోటళ్ళ సంగతి బాగా తెలుసన్న గర్వం ఉండేది. ఆ గర్వం మా మేనకోడలి పెళ్ళిచూపుల్లో నీళ్ళపాలైంది.

మేనకోడలంటే తమ్ముడి కూతురు. హైదరాబాద్‌లో ఉద్యోగం. అప్పటికి మూడు సంబంధాలు మానుకోట ఇంటికి వచ్చి పోయాయి. ప్రతిసారీ అది సెలవు పెట్టుకుని రావడం, చీర కట్టుకుని పళ్ళెం మోసుకు రావడం, వచ్చినవాళ్ళు తిని, చేతులు తుడుచుకుని "ఫోన్ చేస్తం" అని పోవడం. మూడోసారి వచ్చినవాళ్ళయితే పకోడీలు ఇంకోసారి వేయించుకుని మరీ తిని, పిల్ల పొట్టి అన్నారు. పొట్టి అని గుమ్మంలోనే తెలుస్తుంది కదా, పకోడీలు అయిపోయేదాకా తెలియలేదా అని నేను గొడవకు దిగబోతే తమ్ముడు చెయ్యి పట్టుకుని ఆపాడు.

నాలుగోది భూపాలపల్లి సంబంధం. బట్టల దుకాణం కుటుంబం. అబ్బాయికి కూడా హైదరాబాద్‌లోనే ఉద్యోగం. ఈసారి మేనకోడలు నాకే ఫోన్ చేసింది.

"అత్తా, ఇగ పళ్ళెం నేను మొయ్య. హోటల్ల కలుద్దాం. వాళ్ళు కూసుంటరు, నేను గూడ కూసుంట. అందరికీ వేరేవాళ్ళు వడ్డిస్తరు. ఇది గూడ గట్లనే అయితే ఇగ పెళ్ళి మాట నా దగ్గర ఎత్తద్దు అని నాయినకు చెప్పు."

ఆ పిల్ల మాటంటే మాటే. తమ్ముడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "ఇదే ఆఖరుదట అక్కా. హోటల్ నువ్వే చూడు. జర మంచిగ చూడు" అన్నాడు. అదృష్టం కొద్దీ అబ్బాయి వాళ్ళకు యాదగిరిగుట్ట మొక్కు ఉంది. పొద్దున దర్శనం చేసుకుని తిరుగు ప్రయాణంలో జనగామ మీదుగానే పోవాలి. నేనిప్పుడు ఉండేది జనగామలోనే. మధ్యాహ్నం అక్కడే కలుద్దామని అనుకున్నారు.

రెండు ఆదివారాలు వెతికాను. మొదట హైవే మీద కొత్తగా పెట్టిన ఏసీ రెస్టారెంట్‌కు పోయాను. లోపల ఎంత చీకటంటే, ప్లేట్‌లో ఉన్నది పనీరో ఆలుగడ్డో నమిలేదాకా తెలియలేదు. పెళ్ళికొడుకును టార్చిలైటు వేసి చూడాలా? రెండోచోట మెనూ పంచాంగమంత ఉంది. నాలుగు కూరలు తెప్పిస్తే నాలుగింటికీ ఒకటే ఎర్ర గ్రేవీ, ముక్కలు మాత్రం వేరు. చేయి కడుక్కుంటూ ఆ సంగతి గల్లా దగ్గర కూర్చున్నాయనకు చెప్పాను. "అందరికీ నచ్చుతుంది మేడం" అన్నాడు. "నాకు నచ్చలే" అని బయటికి వచ్చాను.

మూడోది బస్టాండ్‌కు కొంచెం దూరంలో, మేడమీద ఉంది. అరిటాకు భోజనం. ముద్దపప్పు, ఆవకాయ, వంకాయకూర, పచ్చిపులుసు. కిటికీల్లోంచి బోలెడంత వెలుతురు. వడ్డించే ఆయనకు మీసాలు తెల్లబడ్డాయి. పచ్చిపులుసు మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ పోసి, "చాలా అమ్మా?" అన్నాడు. ఆరోజే పెద్దవాళ్ళకు ఒక పెద్ద టేబుల్, ఆ ఇద్దరూ మాట్లాడుకోవడానికి కిటికీ పక్కన చిన్న టేబుల్ చెప్పిపెట్టి వచ్చాను. ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేసి, "తిన్నాక వాళ్ళే ముహూర్తం అడుగుతరు చూడు" అన్నాను.

ఆ రోజు రానే వచ్చింది. తమ్ముడూ మరదలూ మానుకోట నుంచి పొద్దున రైలుకే దిగారు. మేనకోడలు హైదరాబాద్ నుంచి వచ్చింది. పన్నెండున్నరకు అబ్బాయి వాళ్ళ కారు వచ్చింది. అబ్బాయి, తల్లి, తండ్రి, నానమ్మ. ఆ అవ్వ పిడికెడంత మనిషి, గొంతు మాత్రం మేడ కిందికి కూడా వినిపించేంత. పిల్లలిద్దరినీ కిటికీ దగ్గరికి పంపి మేమంతా పెద్ద టేబుల్ దగ్గర కూర్చున్నాం. ఆకులు వేశారు. ఉప్పు, ఆవకాయ, వంకాయకూర వడ్డించారు. వేడివేడి అన్నం వచ్చింది. అవ్వ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"తినుండ్రి అవ్వా" అన్నాను.

"మేం తినం బిడ్డా."

"పొద్దుగల గుట్ట మీద ప్రసాదం తిన్నం" అంది అబ్బాయి తల్లి మొహమాటంగా. అబ్బాయి తండ్రి చూపు మాత్రం ఆవకాయ మీద నుంచి కదలలేదు.

"ప్రసాదం ముచ్చట కాదు" అంది అవ్వ నా వైపు తిరిగి. "మాట కలవకముందు పిల్ల ఇంట్ల మెతుకు ముడుతమా? గిది గూడ తెల్వదా నీకు?"

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తెలియకేం! మా ఇళ్ళల్లో పెళ్ళిచూపులంటే పకోడీ, చాయ్, అంతే. సంబంధం ఖాయమయ్యాకే భోజనం. విస్తరి ముందు కూర్చుని తిన్నారంటే ఒప్పుకున్నట్టే. చిన్నప్పటినుంచి చూస్తున్నదే. రెండు ఆదివారాలు పప్పు రుచి చూశాను, పులుసు రుచి చూశాను, ఈ సంగతి ఒక్కసారి కూడా మనసుకు తట్టలేదు. పాతికేళ్ళు హోటళ్ళలో తిని తిని, భోజనమంటే ఆకలి కోసమే అనుకునే మనిషినయ్యాను.

అయినా నోరు ఊరుకోదు కదా. "ఇది పిల్ల ఇల్లు కాదు గదా అవ్వా, హోటల్" అన్నాను.

"పైసలు ఎవలిస్తరు?"

"మా తమ్ముడు."

"అయితే గిది మీ తమ్ముని ఇల్లే."

అబ్బాయి తండ్రికి ఆకలి మీద మంచి ఉపాయం తట్టింది. "మేమిస్తం తియ్యే అమ్మా. అప్పుడు తినొచ్చు గదా" అన్నాడు. తమ్ముడి మొహం ఎర్రబడింది. "మా దిక్కు వచ్చినోళ్ళతోని కట్టిపిచ్చుకుంటమా బావా? గట్లయితే మేం తినం" అన్నాడు. ఇంతసేపూ ఒకవైపే ఉపవాసం, ఇప్పుడు రెండువైపులా. సంబంధం కుదరకముందే బావా అని పిలిచాడని ఎవరూ గమనించలేదు.

వడ్డించే ఆయన పప్పు బకెట్ పట్టుకుని అందరి మొహాలూ చూశాడు. "అమ్మా, పప్పు వెయ్యాల్నా, ఆగాల్నా? ఏదో ఒకటి చెప్పుండ్రి, చెయ్యి గుంజుతంది" అన్నాడు.

ఆకుల్లో అన్నం చల్లారుతోంది. "ఎంత పని చేస్తివక్కా" అని తమ్ముడు నా చెవిలో అన్నాడు. వాళ్ళు ముట్టకుండా లేచి కారెక్కితే ఇదీ పోయినట్టే. ఇది పోతే ఆ పిల్ల ఇంకో సంబంధానికి ఒప్పుకోదు. చేసిందంతా నేను. నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. కోపం అవ్వ మీదో నా మీదో తేలలేదు.

అప్పుడు కిటికీ వైపు చూశాను. మా గొడవ మొదలుకాకముందే వడ్డించే ఆయన వాళ్ళిద్దరికీ పప్పు, నెయ్యితో సహా అన్నీ వడ్డించేసి వచ్చాడు. హాలు పెద్దదేం కాదు, అవ్వ గొంతు చిన్నదేం కాదు. ఇద్దరూ మొత్తం విన్నారు. అబ్బాయి కూడా చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాడు. నానమ్మ తిను అనేదాకా వీడూ ముట్టడన్నమాట అనుకున్నాను. మేనకోడలు నా వైపు చూసింది. ముట్టుకోవద్దని కళ్ళతోనే సైగ చేశాను. వీళ్ళు తినకుండా పోయి, ఇది మాత్రం తిన్నదంటే, పిల్లే ఎగబడ్డదని భూపాలపల్లి అంతా చెప్పుకుంటారు.

సైగ అది చూసింది. చూసి, అబ్బాయి వైపు తిరిగి ఏదో అడిగింది. అతను ఏదో చెప్పాడు. అది తల వంచుకుని కొంచెంసేపు ఆకు వంకే చూసింది. తర్వాత అన్నంలో పప్పు కలిపింది, ఆవకాయ కలిపింది, పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. వెంటనే అబ్బాయి కూడా చెయ్యి ఆకులో పెట్టాడు.

అవ్వ కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుని వాళ్ళిద్దరినీ చూసింది. వాళ్ళు మూడు నాలుగు ముద్దలు తినేదాకా చూసింది. నేను క్షమాపణ మాటలు వెతుక్కుంటున్నాను.

"నాయినా, ఆ పప్పు ఇటు తే" అంది అవ్వ. "మాట వాళ్ళే కలుపుకున్నరు. ఇగ మనమెందుకు ఎండుడు?"

ఆ తర్వాత ఆ టేబుల్ దగ్గర ఎవరూ ఎవరినీ బతిమాలలేదు. అబ్బాయి తండ్రి పచ్చిపులుసు నాలుగుసార్లు పోయించుకున్నాడు. అవ్వ వంకాయకూరలో కారం తక్కువైందని వంక పెట్టి, మళ్ళీ వేయించుకుంది. తమ్ముడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవకాయ ఘాటు అని ఇప్పటికీ వాదిస్తాడు. నేను ఏం తిన్నానో, ఎలా ఉందో ఒక్క ముక్క గుర్తులేదు.

సాయంత్రం మేనకోడలిని హైదరాబాద్ రైలెక్కించడానికి జనగామ స్టేషన్‌కు వెళ్ళాను. ప్లాట్‌ఫాం మీద అడిగేశాను.

"నేను సైగ చేస్తే చూసి గూడ తిన్నవు. వాళ్ళు లేసిపోతే ఏం చేస్తుంటివే?"

"పోతే పోనీ అనుకున్న అత్తా."

"తినేముందు ఆ పిల్లగాన్ని ఏమడిగినవు?"

"అవ్వ తినలేదని మీరు గూడ తింటలేరా అని అడిగిన."

"ఏమన్నడు?"

అది బ్యాగు పట్టీ సరిచేసుకుంటూ చెప్పింది. "'అవ్వ కోసం కాదు. మీరింకా మొదలు పెట్టలేదు గదా, అందుకని ఆగిన' అన్నడు."

నాకు యాభై రెండేళ్ళు. మా అమ్మ అందరూ తిన్నాక వంటింట్లో కూర్చుని తినేది. మరదలు ఇప్పటికీ అంతే. నాకు నేనుగా హోటళ్ళలో కూర్చుని తినడం నేర్చుకున్నాను గానీ, నేను మొదటి ముద్ద పెట్టుకోవాలని విస్తరి ముందు ఆగిన మనిషి ఒక్కరైనా ఉన్నారా అని ఆలోచించాను. ఎవరూ గుర్తు రాలేదు. అంతమందిలో, ప్లాట్‌ఫాం మీద, ఆపుకోలేనంత ఏడుపొచ్చింది.

"ఎందుకేడుస్తున్నవ్ అత్తా?" అంది కంగారుగా.

"రైలొచ్చింది, ముందు ఎక్కు" అని కసిరాను.